బోడెన్‌సే చుట్టూ సైకిల్ మీద: కార్లు లేని దారి ఎక్కడ, పడవెక్కాల్సింది ఎక్కడ

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చేస్తున్నాను అన్నా. నేనూ నా భార్యా కలిసి నాలుగు రోజులు బోడెన్‌సే చుట్టూ సైకిల్ మీద తిరుగుదామనుకుంటున్నాం. తనకు సైకిల్ అంతగా అలవాటు లేదు, కార్ల పక్కన తొక్కాలంటే భయం. అందరూ ట్రాఫిక్ లేని దారి అంటున్నారు, నిజమేనా? నాలుగు రోజుల్లో చుట్టు పూర్తవుతుందా?"

నాది ఈ బోడెన్‌సే సరస్సు ఒడ్డునే ఉద్యోగం, ఇక్కడే కాపురం, కాబట్టి సూటిగా చెప్పేస్తా తమ్ముడూ. దారిలో ఎక్కువ భాగం కార్లు లేనిదే, కానీ మొత్తం కాదు. నాలుగు రోజుల్లో చుట్టు పూర్తి చేయొచ్చు, కానీ మీరిద్దరూ చేయొద్దు అంటాను. పూర్తి చుట్టు 260 కి.మీ. దాకా ఉంటుంది, అంటే రోజుకు 65. చదునైన దారే కాబట్టి అలవాటున్నవాళ్లకు లెక్కే కాదు. కానీ మీ ఆవిడకు అలవాటు లేదన్నావు. రెండో రోజు మధ్యాహ్నానికి సీటు నొప్పి మొదలవుతుంది, మూడో రోజు పొద్దున మళ్లీ ఆ సీటు మీద కూర్చోవాలంటేనే ఏడుపొస్తుంది, ఇక నాలుగో రోజు మీ ఇద్దరి మధ్య మాటలుండవు. ఆ 260 పూర్తి చేశామని చెప్పుకోవడానికి తప్ప, ఆ పంతం వల్ల ఒరిగేదేం లేదు.

ఈ సరస్సు దగ్గర అసలు సుఖం ఏమిటంటే పడవలు. మూడు దేశాల మధ్య ఉన్న నీళ్లు కదా, జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఫెర్రీలు తిరుగుతూనే ఉంటాయి, సైకిల్‌తో సహా ఎక్కించుకుంటాయి. కాన్‌స్టాంజ్ నుంచి మేర్స్‌బుర్గ్‌కు కార్ల ఫెర్రీ 1928 నుంచి నడుస్తోంది, ఇప్పుడు రాత్రీ పగలూ ఉంటుంది, పావుగంటలో అవతల దించేస్తుంది. ఫ్రీడ్రిష్‌హాఫెన్ నుంచి స్విస్ వైపు రోమన్స్‌హార్న్‌కు ఇంకొకటి, నలభై నిమిషాల ప్రయాణం. ఒడ్డు వెంబడి చాలా చోట్ల రైలు మార్గం కూడా ఉంది. కాబట్టి బాగున్న దారి తొక్కు, బాగాలేని దారి పడవలోనో రైల్లోనో దాటేయ్. నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే, మిగతాదంతా ఏ ముక్క తొక్కాలి, ఏ ముక్క వదలాలి అన్న వివరమే.

ముందు ట్రాఫిక్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే "ట్రాఫిక్ లేదు" అన్న మాటను ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. హైదరాబాద్‌లో ఓఆర్‌ఆర్ పక్కన 2023లో సోలార్ కప్పు వేసిన 23 కి.మీ. ట్రాక్ ఉంది చూడు, అలా మొదట్నుంచి చివరిదాకా సైకిళ్లకే కట్టిన నున్నటి బాట ఇక్కడ ఉండదు. బోడెన్‌సే రాడ్‌వేగ్, అంటే ఈ సరస్సు చుట్టూ పోయే సైకిల్ దారి, రకరకాల ముక్కల అతుకు. కొంత దూరం నీళ్ల పక్కన సైకిళ్లకూ నడిచేవాళ్లకూ మాత్రమే వదిలిన బాట, కొంత దూరం ఆపిల్ తోటల మధ్య ట్రాక్టర్ల సిమెంటు దారి, కొంత దూరం ఊళ్లో 30 స్పీడు వీధి, అక్కడక్కడా పెద్ద రోడ్డు పక్కన అంచు కట్టి వేరు చేసిన సైకిల్ దారి. నాలుగో రకం దగ్గర మీ ఆవిడకు చప్పుడు వినబడుతుంది, లారీ గాలి తగులుతుంది, కానీ కార్లతో కలిసి తొక్కే పని ఉండదు. నిజంగా కార్లతో కలిసేది ఊళ్ల లోపలే, అక్కడ వాళ్లూ నెమ్మదిగానే వస్తారు.

ఇక్కడ నిజంగా భయపడాల్సింది సైకిళ్లకి. నవ్వకు. జులై, ఆగస్టు నెలల్లో వారాంతం మధ్యాహ్నం ఆస్ట్రియా ఒడ్డున లోఖావ్ నుంచి బ్రెగెంజ్ దాకా నీళ్ల పక్కన ఉన్న బాట మీదకు వెళ్లి చూడు, ఆదివారం సాయంత్రం బండ్లు ఆపేసినప్పటి ట్యాంక్‌బండ్ లాగా ఉంటుంది. స్కేట్ల మీద పిల్లలు, కుక్కను పొడుగాటి తాడుతో తిప్పే పెద్దమనిషి, వెనక నుంచి 25 స్పీడులో సర్రున దూసుకొచ్చే ఎలక్ట్రిక్ సైకిళ్ల తాతల గుంపు. ఆ తాతలతో జాగ్రత్త, వాళ్లు బెల్లు కొట్టేది ఒక్కసారే. అందుకే అలాంటి ముక్కలు పొద్దున తొమ్మిదిలోపు దాటేయాలి. అదే బాట పొద్దున ఏడున్నరకి నీదే.

ఏ దిక్కుగా తిరగాలి అన్నది చాలామంది పట్టించుకోరు. గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిరుగు. మూడు దేశాల్లోనూ బళ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఆ దిక్కున వెళ్తే సరస్సు ఎప్పుడూ నీ కుడి పక్కనే ఉంటుంది, నీకూ నీళ్లకూ మధ్య ఎదురొచ్చేవాళ్లు ఉండరు, ఆగి ఫొటో తీసుకోవాలన్నా దారి దాటక్కర్లేదు. జర్మన్ ఒడ్డున పడమటి గాలి వీపున తోస్తుంది కూడా. స్విస్ ఒడ్డున అదే గాలి ఎదురొస్తుంది, ఆ సంగతి చివరి రోజుకు చెప్తా.

ఇప్పుడు మీ నాలుగు రోజులు. స్టుట్‌గార్ట్ నుంచి రైల్లో సింగెన్ మీదుగా కాన్‌స్టాంజ్ వచ్చేయండి. మొదటి రోజు సామాను గదిలో పడేసి ఖాళీ సైకిళ్లతో రైషెనావ్ ద్వీపానికి వెళ్లి రండి. ద్వీపానికి వెళ్లే కట్ట 1838లో వేసింది, రెండు పక్కలా పొడుగ్గా పాప్లర్ చెట్లు. కట్ట మీద కార్లు పోతాయి కానీ సైకిళ్లకు వేరే బాట ఉంది. ద్వీపంలోకి దిగాక మాత్రం ప్రాణం లేచొస్తుంది, అంతా కూరగాయల మళ్లు, గాజు ఇళ్లలో టమాటాలు, దోసకాయలు, వాటి మధ్య సన్నటి దారులు, మూడు పాత చర్చీలు. పాత క్రైస్తవ మఠం ఉన్న ఈ ద్వీపాన్ని యునెస్కో 2000లో వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. మీ ఆవిడకు సైకిల్ సరిపోయిందా, సీటు ఎత్తు సరిగ్గా ఉందా, బ్రేకులు పడుతున్నాయా అన్నది కూడా ఈ రోజే తేలిపోతుంది. మైనావ్ పూలతోట ద్వీపం బాగుంటుంది గానీ సైకిళ్లు లోపలికి రానివ్వరు, టికెట్ ధర కూడా గట్టిదే, సగం రోజు పోతుంది. పూలంటే పిచ్చి ఉంటే తప్ప ఈసారికి వదిలేయండి.

రాడోల్ఫ్‌జెల్ మీదుగా లుడ్విగ్స్‌హాఫెన్ చుట్టి ఊబర్‌లింగెన్ వైపు వెళ్లే ముక్కను పూర్తిగా వదిలేయమంటున్నా. దానికి కారణం ఉంది. సరస్సుకు వాయవ్యంగా పొడుచుకొచ్చిన ఆ వేలు దగ్గర దక్షిణపు ఒడ్డు నిటారైన వాలు మీద అడవి, నీళ్ల పక్కన సైకిల్ దారే లేదు, గుట్టెక్కి దిగాలి. అవతలి ఒడ్డున సిప్లింగెన్ దగ్గర కొండకూ నీళ్లకూ మధ్య రోడ్డు, రైలు, సైకిల్ బాట మూడూ ఇరుక్కుని పోతాయి. చెడ్డదని కాదు, భయపడే మనిషికి మొదటి రోజే అక్కర్లేదు అంతే. అన్నట్టు ఆ సిప్లింగెన్ దగ్గరే 60 మీటర్ల లోతు నుంచి నీళ్లు తోడి 1958 నుంచి పైపుల్లో ఉత్తరానికి పంపిస్తున్నారు, మీ స్టుట్‌గార్ట్‌లో చాలా ఇళ్ల కుళాయిల్లో వచ్చేది కూడా ఈ సరస్సు నీళ్లే. ఇంట్లో రోజూ తాగేది బహుశా ఇదేనని మీ ఆవిడకు చెప్పు.

రెండో రోజు పొద్దున్నే ఫెర్రీ ఎక్కి మేర్స్‌బుర్గ్. సైకిళ్లు కార్లతో పాటు కింది అంతస్తులో ఉంటాయి, స్టాండు వేసి వదిలేయకు, గోడకు ఆనించి పట్టుకో, లేదా బ్రేకు లివర్‌కు రబ్బరు బ్యాండు చుట్టేయ్. మేర్స్‌బుర్గ్ దిగువ వీధి ఇరుకు, పదకొండు దాటితే జనం, అక్కడ సైకిల్ దిగి నడిపించాలి. బోర్డు ఉన్నా లేకపోయినా దిగు, లేకపోతే ఎవరో ఒక పెద్దావిడ కచ్చితంగా క్లాసు పీకుతుంది. ఓపిక ఉంటే వెనక్కి పడమరగా కొద్ది దూరంలో ఉంటర్‌ఊల్డింగెన్‌లో నీళ్లలో గుంజల మీద ఇళ్ల మ్యూజియం ఉంది, రాతి యుగం, కంచు యుగం ఇళ్లను తిరిగి కట్టి పెట్టారు, 1922 నుంచి నడుస్తోంది. లేదంటే నేరుగా తూర్పుకు. హాగ్నావ్ దాకా ద్రాక్షతోటల కింద నీళ్ల వెంబడి దారి, నా లెక్కలో జర్మన్ ఒడ్డున ఇదే అందమైన ముక్క. ఆ తర్వాత ఇమ్మెన్‌స్టాడ్ నుంచి ఫ్రీడ్రిష్‌హాఫెన్ దాకా కొన్నిచోట్ల బి31 హైవే చప్పుడు భరించాలి. దారి వేరే, భయం లేదు, విసుగు మాత్రం ఉంటుంది. ఈ ముక్కలో ఫొటోల కోసం ఆగకు, తొక్కేయ్.

ఫ్రీడ్రిష్‌హాఫెన్‌లో తల పైకెత్తితే జెప్పెలిన్ అనే గాలి ఓడ కనబడొచ్చు. మొదటిది 1900 జులై 2న ఇక్కడి మాంజెల్ దగ్గర నీళ్ల మీద నుంచే లేచింది, ఇప్పటికీ చిన్న సైజువి టూరిస్టులను ఎక్కించుకుని తిరుగుతుంటాయి. హైదరాబాద్‌లో టెక్ సెంటర్ ఉన్న, బండ్ల విడిభాగాలు చేసే జెడ్ఎఫ్ కంపెనీకి పుట్టిల్లు కూడా ఈ ఊరే, అందుకే ఊళ్లో సూపర్‌మార్కెట్‌లో తెలుగు వినబడితే ఆశ్చర్యపోకు. రాత్రికి లాంగెనార్గెన్ లేదా క్రెస్‌బ్రాన్ చేరుకోండి, ఫ్రీడ్రిష్‌హాఫెన్ కంటే ప్రశాంతంగా ఉంటాయి. మొత్తం 35 కి.మీ. లోపే.

మూడో రోజు కావాలనే చిన్నది పెట్టాను, లిండావ్ మీదుగా బ్రెగెంజ్, 25 కి.మీ. చిల్లర. దారంతా ఆపిల్ తోటలు. ఇక్కడొక విషయం చెప్పాలి. తోట అంచున గేటు పక్కన చిన్న చెక్క పెట్టె, పైన రేకు కప్పు, అరల్లో ఆపిల్ సంచులు, జామ్ సీసాలు, ఒక్కోసారి ప్లమ్ పళ్లు, పక్కన మేకు కొట్టిన డబ్బాకు నాణేలు వేసే చీలిక. మనిషి ఉండడు. ధర సుద్దముక్కతో రాసి ఉంటుంది. కార్డు గీకే పని లేదు కాబట్టి జేబులో చిల్లర ఉంచుకో, ఒకటి, రెండు యూరోల నాణేలు. రెండు యూరోల సంచికి అయిదు నోటు వేసి చిల్లర కోసం పెట్టెలో చెయ్యి పెట్టి వెతికేవాళ్లను చూశాను, అది చూడ్డానికి ఎలా ఉంటుందో నీకే తెలుసు.

లిండావ్ ద్వీపానికి కార్ల వంతెన మీదుగా పోకు, రైలు కట్ట పక్కన నడిచేవాళ్లకూ సైకిళ్లకూ బాట ఉంది, అది పట్టుకో. రేవులో 1856 నాటి లైట్‌హౌస్, ఎదురుగా రాతి సింహం, వాటి మధ్యలోంచి పడవలు లోపలికి వస్తుంటాయి. ఒక కాఫీ తాగి బయటపడు. బ్రెగెంజ్‌లో నీళ్లలో గుంజల మీద కట్టిన నాటక వేదిక ఉంది, జులై, ఆగస్టుల్లో ఒపెరా జరుగుతుంది, ఆ నెలల్లో గది దొరకడం కష్టం, దొరికినా రేటు వింటే గుండె ఆగుతుంది. అప్పుడైతే పక్కనున్న హార్డ్ అనే ఊళ్లో చూడు.

నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరండి, ఎందుకంటే ఈ యాత్రలో బంగారం ఇదే. హార్డ్ దాటాక రైన్ నది డెల్టా. ఈ నదిని 1900లో కొత్త కాలువ తవ్వి మళ్లించారు. అది మోసుకొచ్చే మట్టితో బ్రెగెంజ్ దగ్గర సరస్సు పూడిపోకుండా రెండు కట్టలను నీళ్లలోకి చాలా దూరం పొడిగించుకుంటూ పోయారు. వంతెన మీద ఆగి చూస్తే బూడిద రంగు నదీ, నీలం సరస్సూ కలిసే గీత కనబడుతుంది. ఆ తర్వాత ఫుస్సాఖ్ నుంచి గైస్సావ్ దాకా సరస్సు కట్ట మీద దారి, ఒక పక్క రెల్లు పొదలు, ఒక పక్క పచ్చిక, పక్షుల కోసం కాపాడుతున్న ప్రాంతం, మూడు వందల పైచిలుకు రకాల పక్షులు నమోదయ్యాయి. కారు అనేది లేదు. కొంత దారి కంకర, సన్న టైర్లుంటే నెమ్మదిగా పో. మీ ఆవిడ ఈ నాలుగు రోజుల్లో ఎక్కడైనా నీకంటే ముందు తొక్కుతుందంటే ఇక్కడే.

పాత రైన్ దాటితే స్విట్జర్లాండ్. అడిగేవాళ్లు సాధారణంగా ఉండరు, కానీ అడిగితే చూపించడానికి పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ ఇద్దరి దగ్గరా ఉండాలి, ఫొటోలు పనికిరావు. ఆ క్షణం నుంచి ఫోన్ డేటా ఆపేయ్. యూరోపియన్ యూనియన్ రోమింగ్ నియమాలు స్విట్జర్లాండ్‌కు వర్తించవు, నీ ప్లాన్‌లో ఆ దేశం ఉందో లేదో ముందే చూసుకో. కాన్‌స్టాంజ్‌లో కూర్చున్నా ఫోన్ స్విస్ టవర్ పట్టేసుకుంటుంది, కాబట్టి మొదటి రోజు నుంచే నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ కాకుండా చేత్తో ఎంచుకునేలా పెట్టుకోవడం మంచిది. మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకో. అసలు మ్యాపుతో పనే ఉండదనుకో, జర్మన్ వైపు వెనక చక్రం నీలం రంగులో ఉన్న సైక్లిస్టు బొమ్మ, స్విస్ వైపు ఎర్ర బోర్డు మీద 2 నంబరు, వాటిని పట్టుకుని పోవడమే.

రోర్షాఖ్, ఆర్బాన్ మీదుగా రోమన్స్‌హార్న్ దాకా దారి రైలు పట్టాల పక్కనే పోతుంది, పడమటి గాలి ఎదురొస్తే బెల్టు బిగించాల్సిందే. బ్రెగెంజ్ నుంచి మొత్తం 45 కి.మీ. దాకా ఉంటుంది. అలసిపోతే సిగ్గుపడకుండా మధ్యలో ఏ స్టేషన్‌లోనైనా రైలెక్కండి, స్విస్ ఒడ్డున దాదాపు ప్రతి ఊరికీ ఒకటుంది, సైకిల్‌కు వేరే టికెట్ తీసుకోవాలి. రోమన్స్‌హార్న్‌లో ఫెర్రీ ఎక్కితే ఫ్రీడ్రిష్‌హాఫెన్, అక్కడి నుంచి ఉల్మ్ మీదుగా స్టుట్‌గార్ట్‌కు నేరుగా రీజనల్ రైలు ఉంటుంది. రేవు నుంచి ఊరి పెద్ద స్టేషన్ అయిన స్టాట్ స్టేషన్‌కు సైకిల్ మీద అయిదు నిమిషాలు.

వాతావరణం గురించి ఒక్క మాట, ఇది ఎవరూ చెప్పరు. సరస్సు చుట్టూ ఒడ్డున అక్కడక్కడా నారింజ రంగు దీపాలు ఉంటాయి. నిమిషానికి 40 సార్లు మిణుకుతుంటే గట్టి గాలి వస్తోందని, 90 సార్లు మిణుకుతుంటే తుఫాను గాలి అని. అవి పడవలవాళ్లకోసం పెట్టినవే, కానీ మనకూ పనికొస్తాయి. వేగంగా మిణుకుతోందంటే పైన ఎండ కాస్తున్నా సరే, చెట్ల కింద ఆగకుండా దగ్గర్లోని ఊళ్లోకి పో. ఫెర్రీ టైములు కూడా ఒకసారి చూసుకో. నెల అడిగితే సెప్టెంబరు అంటాను, ఆపిల్ కోతలు, జనం తక్కువ, నీళ్లు ఇంకా ఈతకు వెచ్చగానే ఉంటాయి. ఏప్రిల్ చివర ఆపిల్ పూత చూడ్డానికి బాగుంటుంది, చలి మాత్రం ఉంటుంది. నవంబరులో రాకు, పొగమంచులో సరస్సే కనబడదు.

సైకిల్ స్టుట్‌గార్ట్ నుంచి తేవాలా, ఇక్కడ అద్దెకు తీసుకోవాలా? మీ ఇద్దరి విషయంలో అద్దె. స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రంలో రీజనల్ రైళ్లలో వారాంతాల్లోనూ, మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతా సైకిల్ ఉచితమే, కానీ ఉచితం అంటే చోటుందని కాదు. ఎండ కాసిన శనివారం రైల్లో సైకిళ్ల చోటు నిండిపోతే ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోతావు. కాన్‌స్టాంజ్‌లో తీసుకుని ఫ్రీడ్రిష్‌హాఫెన్‌లో వదిలేయనిచ్చే షాపు వెతుక్కో, అందరూ ఇవ్వరు, ముందే ఫోన్ చేసి అడుగు. మీ ఆవిడకు ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకో, 25 దాకా మోటారు సాయం చేసేదానికి లైసెన్సు అక్కర్లేదు. నీకు వద్దు, నువ్వు తొక్కు. ఆవిడ ముందు పోతూ నీకోసం ఆగుతుంటే ఆ యాత్ర వేరే లెవెల్. హెల్మెట్ చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టుకోండి. తొక్కుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే జర్మనీలో 55 యూరోల జరిమానా. లయబిలిటీ ఇన్సూరెన్సు ఉందో లేదో కూడా చూసుకో, నువ్వు వెళ్లి ఎవరినైనా గుద్దితే అదే కాపాడుతుంది.

తిండికి శాకాహారులైతే కేజె‌ష్పెట్స్‌లే అని చీజ్ వేసిన మెత్తటి సేమ్యా లాంటిది దొరుకుతుంది, పైన వేయించిన ఉల్లిపాయలతో, ఆకలి మీద బాగానే దిగుతుంది. డిన్నెలే అని పల్చటి రొట్టె కూడా ఉంటుంది కానీ మామూలుగా దాని మీద పంది మాంసం ముక్కలు వేస్తారు, వద్దని చెప్పాలి. మొదటి రోజుకు పులిహోర కలుపుకుని రండి, చెడిపోదు, స్విస్ వైపు భోజనం ధర చూశాక నాలుగో రోజుకు కూడా ఉంచుకుంటే బాగుండేదనిపిస్తుంది. ఆదివారం జర్మనీలో సూపర్‌మార్కెట్లు మూసేస్తారు కదా, శనివారం సాయంత్రమే పళ్లు, బ్రెడ్డు, నీళ్లు కొనేయండి.

గదులు మాత్రం ఈ వారమే చూడు. చాలా చోట్ల వారాంతంలో ఒక్క రాత్రికి గది ఇవ్వరు, అలా కుదరకపోతే శుక్రవారం కాకుండా ఆదివారం బయల్దేరి బుధవారం తిరిగి వచ్చేలా పెట్టుకోండి, దారీ ఖాళీగా ఉంటుంది, వెనక్కి వెళ్లే రైల్లో చోటూ దొరుకుతుంది.